రిపోర్టు కోసం ఆగకండి, ఊపిరి లెక్కపెట్టండి



పోయిన వానాకాలంలో మా వాడలో జరిగిన ఒక సంగతి ముందు చెప్పి, ఆ తర్వాత నా అభిప్రాయం చెబుతాను. షోలాపూర్‌లో టవళ్ల కార్ఖానాలో రాత్రి పాళి సాంచాలు నడిపే ఒక తమ్ముడికి పదకొండు నెలల కొడుకు. రెండు రోజులుగా దగ్గు, జ్వరం. మూడో రోజు పొద్దున పాళి దిగి వచ్చి, కన్ను మూయకుండా బిడ్డను భుజాన వేసుకొని దగ్గరలోని ప్రైవేటు దవాఖానాకు పోయాడు. అక్కడి డాక్టరు ఒక సిరప్ రాసి, రక్తపరీక్షలు చేయించుకు రమ్మన్నాడు. తెల్లకణాల లెక్క ఒకటి, సి.ఆర్.పి. ఒకటి. బిడ్డ చేతిలో నరం దొరికి రక్తం తీసేసరికి అరగంట. రిపోర్టుకు సాయంత్రం దాకా ఆగాలి. ఫీజు, పరీక్షలు, మందు కలిపి అతని వారం పగారులో మూడో వంతు పోయింది. సాయంత్రం రిపోర్టు వచ్చింది. "పెద్దగా ఏం లేదు, మామూలు జలుబే" అన్నారు. ఇంటిల్లిపాదీ, పక్కింటి వాళ్లం మేమూ కుదుటపడ్డాం.

బిడ్డ తల్లి మాత్రం పొద్దున్నుంచీ ఒకటే మాట చెబుతూ ఉంది: "డొక్కలు ఎగరేస్తున్నడు, పాలు పడ్తలేడు." ఆమె మాట ఎవరూ చెవిన పెట్టలేదు. నేనూ పెట్టలేదు, ఆ సంగతి దాచుకోను. అచ్చులో వచ్చిన కాగితం ఒక పక్కన ఉంటే, బీడీలు చుట్టుకునే తల్లి మాట ఇంకో పక్కన ఉంటే, మనం దేన్ని నమ్ముతామో మనకు తెలిసిందే.

రాత్రి తొమ్మిది దాటాక బిడ్డ ఏడవడం కూడా మానేశాడు. అప్పుడు భయం పుట్టి, గల్లీ చివర ఉండే రిటైరైన నర్సమ్మను పిలుచుకొచ్చాం. "అమ్మా, రిపోర్టు మంచిగనే వచ్చింది గద" అని తండ్రి కాగితం చూపబోయాడు. "కాగితం తర్వాత చూద్దాం గని, ముందు బిడ్డ అంగీ విప్పు బిడ్డా" అన్నదామె. లైటు దగ్గరికి జరిపి, చేతి గడియారం చూస్తూ ఒక నిమిషం పాటు బిడ్డ పొట్టనే చూసింది. అరవై ఎనిమిది. పక్కటెముకల కింది భాగం ఊపిరి తీసినప్పుడల్లా లోపలికి గుంట పడుతోంది. "బండి పిలువుండ్రి" అన్నది, ఇంకేమీ అనలేదు.

సర్కారు పెద్దాసుపత్రిలో వేలికి క్లిప్పు పెట్టి చూస్తే రక్తంలో ఆక్సిజన్ 84. తొంభై లోపు ఉంటేనే ప్రమాదం అంటారు. వెంటనే ఆక్సిజన్ పెట్టారు. వైరస్ వల్ల వచ్చిన న్యుమోనియా అని చెప్పారు. ఆరు రోజులకు బిడ్డ ఇంటికి వచ్చాడు. ఇప్పుడు కండెల గంపలు పట్టుకొని నిలబడి నడక నేర్చుకుంటున్నాడు, చూస్తే ఎవరూ నమ్మరు. ఇంకో నాలుగైదు గంటలు ఆ కాగితాన్ని నమ్ముకొని ఉంటే ఏమయ్యేదో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

సరిగ్గా నెల తిరక్క ముందే దీనికి తలకిందులైన సంగతి ఒకటి చూశాను. ఇంకో కార్మికుడి నాలుగేళ్ల పిల్లవాడు. జ్వరం, దగ్గు. సి.ఆర్.పి. బాగా ఎక్కువ వచ్చిందన్నారు. పిల్లవాడు మాత్రం వాకిట్లో కుక్కపిల్ల వెంట పరుగెడుతున్నాడు, అన్నం అడుగుతున్నాడు. ఆ నంబరు చూసి తండ్రి కాళ్లు చచ్చుబడ్డాయి. భార్య మెడలోని పుస్తె కుదువ పెట్టి, ప్రైవేటు ఆసుపత్రిలో అయిదు రోజులు ఉంచారు. చేర్చుకోవడం తప్పా ఒప్పా అని తీర్పు చెప్పేంత వైద్యం నాకు రాదు. కానీ నేను ఆ తండ్రిని అడిగాను: "డాక్టరు పిల్లవాడి ఊపిరి లెక్కపెట్టాడా? వేలికి క్లిప్పు పెట్టాడా?" అతను "ఏమో అన్నా, రక్తంల బాగ ఉన్నదన్నరు" అన్నాడు. రక్తంలో ఏమున్నదో అతనికి ఎవరూ చెప్పలేదు.

అందుకే రక్తంలో ఏముంటుందో తెలిసినంత వరకు రాస్తాను. వైద్యం తెలిసినవారిని అడిగి, చదివి రాస్తున్నాను. మనకు సంబంధం లేని విషయమని పేజీ తిప్పేయకండి. మన పగారు పోయేది ఇక్కడే.

సి.ఆర్.పి. అన్న పేరు మన వాడల్లోకి వచ్చింది 2021లో, కరోనా రెండో దెబ్బ అప్పుడు. ఇంటింటా అదే మాట, నీకెంత, నాకెంత అని. కానీ ఆ పదార్థం కనిపెట్టింది దాదాపు నూరేళ్ల కిందట. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిలెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు పరిశోధకులు న్యుమోనియా రోగుల రక్తంలోనే దాన్ని మొదట చూశారు. న్యుమోకాకస్ అనే సూక్ష్మజీవి పైపొరలోని 'సి' అనే పదార్థంతో కలిసి ముద్దకట్టేది కాబట్టి ఆ పేరు పెట్టారు. అంటే ఈ పరీక్ష పుట్టిందే న్యుమోనియా ఇంట్లో. అయినా న్యుమోనియా ఎంత ముదిరిందో చెప్పమంటే తడబడుతుంది. ఎందుకంటే అది సూక్ష్మజీవి వదిలే పదార్థం కాదు, ఊపిరితిత్తుల నుంచి వచ్చేదీ కాదు. ఒంట్లో ఎక్కడ మంట పుట్టినా మన కాలేయం తయారుచేసి రక్తంలోకి వదిలే పదార్థం. గాయానికి పెరుగుతుంది, మలేరియాకు పెరుగుతుంది, చీము గడ్డకు పెరుగుతుంది. పెరగడం మొదలవడానికి కొన్ని గంటలు, పూర్తిగా పెరగడానికి దాదాపు రెండు రోజులు తీసుకుంటుంది. బక్కచిక్కిన బిడ్డల్లో ఒంటికి ఆ శక్తి కూడా తక్కువ కావచ్చు. నిప్పు ఉన్నా పొగ రాదన్నమాట.

ఇంకొకటి ప్రోకాల్సిటోనిన్. సూక్ష్మజీవుల వల్ల, అంటే బాక్టీరియా వల్ల వచ్చే పెద్ద జబ్బుల్లో ఇది బాగా పెరుగుతుందని 1993లో ఫ్రాన్స్ వైద్యులు చూపించారు. సి.ఆర్.పి. కంటే తొందరగా పెరుగుతుంది, వైరస్ జబ్బుల్లో మామూలుగా అంత పెరగదు. ఇది చాలా తక్కువగా ఉంటే బాక్టీరియా న్యుమోనియా కాకపోవచ్చని, యాంటీబయాటిక్ ఆపవచ్చా అని ఆలోచించడానికి డాక్టరుకు పనికొస్తుంది. సి.ఆర్.పి. కంటే ఖరీదైన పరీక్ష.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. 'ఏ రకం జబ్బు' అన్నది ఒక ప్రశ్న. 'బిడ్డ ప్రాణానికి ముప్పుందా' అన్నది ఇంకో ప్రశ్న. ఈ పరీక్షలు మొదటి ప్రశ్నకు కొంత సాయం చేస్తాయి. మన వాళ్లు రిపోర్టును రెండో ప్రశ్నకు జవాబుగా చదువుతున్నారు. కొందరు డాక్టర్లు కూడా అలాగే చదివి చెబుతున్నారు. వైరస్ న్యుమోనియా అంటే చిన్న న్యుమోనియా అని కాదు. బంగ్లాదేశ్, థాయ్‌లాండ్, మరి అయిదు ఆఫ్రికా దేశాల్లో ఆసుపత్రి పాలైన పసిపిల్లల మీద జరిగిన పెద్ద పరిశీలన 2019లో అచ్చయింది. తీవ్రమైన న్యుమోనియాకు బాక్టీరియాల కంటే వైరస్‌లే ఎక్కువగా కారణమని, ఆర్.ఎస్.వి. అనే ఒక్క వైరసే దాదాపు మూడో వంతు కేసులకు మూలమని అందులో తేలింది. ఆ వైరస్ పట్టిన బిడ్డ రక్తంలో సి.ఆర్.పి. తక్కువగానే ఉండవచ్చు, ఊపిరి మాత్రం అందకుండా పోవచ్చు. మా వాడ పసివాడి సంగతి అదే.

అమెరికాలో ల్యాబులకు కొదవ లేదు. అక్కడ సిన్సినాటి పిల్లల ఆసుపత్రి వైద్యులు అత్యవసర విభాగానికి న్యుమోనియాతో వచ్చిన నాలుగు వందల పైచిలుకు పిల్లల్లో తెల్లకణాలు, సి.ఆర్.పి., ప్రోకాల్సిటోనిన్ అన్నీ కొలిచి, ఎవరికి జబ్బు ముదిరిందో పోల్చి చూశారు. 2020లో ఫలితం ప్రకటించారు. తేలికపాటి జబ్బునూ తీవ్రమైన జబ్బునూ వేరు చేయడానికి ఇవి మొత్తం మీద అక్కరకు రావని, మరీ విషమించిన కొద్దిమంది విషయంలో సి.ఆర్.పి., ప్రోకాల్సిటోనిన్ కొంత ఉపయోగపడవచ్చని చెప్పారు. అదే దేశంలో పిల్లల అంటువ్యాధుల వైద్యుల సంఘం 2011లోనే ఒక మార్గదర్శకం రాసింది. టీకాలన్నీ పడి, ఇంటి దగ్గరే మందు వాడే న్యుమోనియా బిడ్డలకు ఈ పరీక్షలు ఆనవాయితీగా చేయనక్కరలేదని అందులో ఉంది. వాళ్లకు అక్కరలేని ఆనవాయితీ షోలాపూర్, భివండీ, ఇచల్‌కరంజీ గల్లీల్లో సాంచెకూలికి ఎందుకు అక్కరకొచ్చిందో ఎవరైనా చెప్పాలి.

నన్ను అపార్థం చేసుకోవద్దు. రక్తపరీక్షలన్నీ దోపిడీ అని నేను అనడం లేదు. మన సభల్లో అలాంటి మాటకు చప్పట్లు పడతాయని తెలుసు, అయినా అది తప్పు మాట. ఆసుపత్రిలో చేరిన బిడ్డకు మందు పనిచేస్తోందా లేదా చూడడానికి, ఊపిరితిత్తుల పక్కన చీము చేరిందేమో అనుమానించడానికి, రక్తహీనత ఉందేమో తెలుసుకోవడానికి రక్తపరీక్ష కావాలి. అక్కడ డాక్టరు అడిగితే చేయించాల్సిందే. రేపు ఇంకా మంచి పరీక్షలు రావచ్చు కూడా. ఉగాండాలోని జింజా పట్టణంలో జ్వరంతో వచ్చిన అయిదేళ్ల లోపు పిల్లల రక్తంలో ఎస్‌ట్రెమ్-1 అనే పదార్థాన్ని కొలిచి, ఎవరికి ప్రాణాపాయమో చాలావరకు ముందే పసిగట్టవచ్చని 2021లో ప్రకటించారు. వేలి చుక్కతో అక్కడికక్కడే చేసే పరీక్షగా అది ఒకనాటికి మన దవాఖానాకు వస్తే సంతోషమే. అలాంటిది వచ్చేదాకా మన ముందున్నది పొద్దున రక్తం తీసి సాయంత్రం కాగితం ఇచ్చే పరీక్ష. పసిబిడ్డకు పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య చాలా దూరం ఉంటుంది.

మనకు తెలిసిన పనితో చెబుతాను. సాంచె చెడబోతుంటే జాబరు ముందు ఎలా పట్టుకుంటాడు? చెవితో. నిమిషానికి ఎన్ని పిక్కులు పడుతున్నాయో పాతకాపు విని చెప్పగలడు, శబ్దంలో తేడా వస్తే నడక ఆపి చూస్తాడు. బట్ట మడతపెట్టే దగ్గర డ్యామేజీ ఎంతో రాసే పుస్తకం కూడా ఉంటుంది. కానీ ఆ లెక్క మరునాడు వస్తుంది, అప్పటికి గజాల కొద్దీ బట్ట చెడిపోయి ఉంటుంది. ఆ పుస్తకం వద్దని ఎవరూ అనరు. ఆ పుస్తకం వచ్చేదాకా సాంచె ఆపకుండా కూర్చునే మొగ్గంవాడు మాత్రం మనలో లేడు.

బిడ్డ ఊపిరి లెక్క అలాంటిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ఇది. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, అంతకంటే ఎక్కువ ఊపిరి తీస్తే వేగం. రెండు నెలలు నిండి ఏడాది లోపు అయితే 50. ఏడాది నిండి అయిదేళ్ల లోపు అయితే 40. బిడ్డ ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్కపెట్టకూడదు. నెమ్మదిగా ఒడిలో ఉన్నప్పుడో నిద్రలోనో అంగీ పైకెత్తి, పొట్ట పైకి లేచిన ప్రతిసారీ ఒకటి అని లెక్కపెట్టాలి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించే తెలివి వద్దు, పసిపిల్లల ఊపిరి ఒక్క తీరుగా ఉండదు. పూర్తి నిమిషం చూడాలి. అనుమానం ఉంటే మళ్లీ చూడాలి. జ్వరం ఎక్కువున్నప్పుడు ఊపిరి కూడా కొంత వేగంగా ఉంటుంది, జ్వరం దిగాక ఇంకోసారి లెక్కపెట్టవచ్చు. కానీ దానికోసం గంటలు గంటలు ఆగకూడదు.

లెక్క ఎక్కువ వచ్చిన బిడ్డను ఆ రోజే డాక్టరుకు చూపించాలి. చాలామందికి నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్ అనే చవక మందుతోనే నయమవుతుంది, అయితే మోతాదు బిడ్డ బరువును బట్టి డాక్టరో నర్సో చెప్పాలి. పక్కింటి వాళ్ల సీసాలో మిగిలింది పోయకూడదు. ఇక కొన్ని గుర్తులు కనిపిస్తే రేపు అనే మాట లేదు. ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి పోవడం. పాలు, నీళ్లు తాగలేకపోవడం. తాగినదంతా కక్కేయడం. ఫిట్స్. లేపినా సరిగా లేవకపోవడం. నెమ్మదిగా ఉన్నప్పుడు కూడా ఊపిరిలో గరగర శబ్దం. పెదవులు నీలమవడం. రెండు నెలల లోపు బిడ్డకైతే ఊపిరి వేగం ఒక్కటి చాలు, లేదా పాలు మానడం ఒక్కటి చాలు, ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. ఆ పూట వాతలు పెట్టించడం, పొట్టకు ఇంగువ రాయడం వంటి వాటితో పొద్దు గడిపిన ఇళ్లు మన వాడల్లో ఇంకా ఉన్నాయి. పెద్దవాళ్లను తిట్టి లాభం లేదు, వాళ్లకు మనం వేరే దారి చూపించలేదు. ఒక్క మాట మాత్రం వాళ్ల నుంచి నేర్చుకోవాలి. 'డొక్కలు ఎగరేయడం' అన్న పేరు పెట్టింది వాళ్లే, ఏ పుస్తకమూ చదవకుండా. పెద్ద వైద్యులు పిల్లల ఛాతీలో చూడమనేది కూడా దాన్నే.

చదువురాని వాళ్ల వల్ల ఇది అవుతుందా అని అనుమానపడే వాళ్లకు గడ్చిరోలి చూపించాలి. మన మహారాష్ట్రలోనే ఉంది, సిరొంచా వైపు పోతే ఇంటింటా తెలుగే మాట్లాడతారు. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ల దంపతులు 'సెర్చ్' సంస్థ తరపున 1988-89లో ఊళ్లలోని ఆరోగ్య కార్యకర్తలకు, మంత్రసానులకు న్యుమోనియా గుర్తుపట్టడం, మందు ఇవ్వడం నేర్పించారు. వేళ్ల మీద పదో పన్నెండో మించి లెక్కపెట్టలేని ఆడవాళ్లున్నారు. వాళ్ల కోసం ఇసుక గడియారం, పూసలు ఉన్న ఒక చెక్క పనిముట్టు తయారుచేశారు. పది ఊపిర్లకు ఒక పూస జరపాలి. ఇసుక కారిపోయేలోగా పూస ఎక్కడిదాకా వచ్చిందో చూస్తే న్యుమోనియానా కాదా తెలిసిపోతుంది. ఆ ఊళ్లలో న్యుమోనియాతో చనిపోయే అయిదేళ్ల లోపు పిల్లల సంఖ్య, పక్కనే ఈ పని జరగని ఊళ్లతో పోలిస్తే 54 శాతం తక్కువ. 1990లో లాన్సెట్ అనే లండన్ వైద్య పత్రికలో ఆ ఫలితం అచ్చయింది. ఒక చుక్క రక్తం తీయకుండా జరిగిన పని అది. జకార్డ్ పంచుకార్డుల లెక్క తప్పకుండా నడిపించే మన ఆడవాళ్లకు నిమిషం ఊపిరి లెక్క ఒక లెక్కా?

ఊపిరి లెక్క తర్వాత చూడాల్సింది ఆక్సిజన్. ఇక్కడే మన సంఘం పట్టుబట్టాల్సి ఉంది. కరోనా రోజుల్లో కొన్న వేలి క్లిప్పులు మన ఇళ్లలో ఎక్కడో మూలన పడి ఉన్నాయి. పెద్దవాళ్ల క్లిప్పు చంటిబిడ్డ వేలికి సరిగా కూర్చోదు, తప్పు నంబరు చూపించవచ్చు. పిల్లల కోసం వేరే ప్రోబు ఉంటుంది, పాదానికో బొటనవేలికో చుట్టేది. మన వాడల దవాఖానాల్లో నేను చూసినంత వరకు పెద్దవాళ్ల క్లిప్పులే ఉన్నాయి, బ్యాటరీ ఉంటే. పాపువా న్యూ గినీ అనే పేద దేశంలో అయిదు ఆసుపత్రులకు ఆక్సిజన్ తీసే యంత్రాలు, ఈ ఆక్సిమీటర్లు ఇచ్చి, నర్సులకు నేర్పించి చూశారు. అంతకుముందు న్యుమోనియాతో చేరిన పిల్లల్లో నూటికి దాదాపు అయిదుగురు చనిపోయేవారు. ఆ తర్వాత మూడుకు కాస్త పైన. 2008లో వచ్చిన లెక్క ఇది. కొత్త మందేమీ కనిపెట్టలేదు, ఎవరికి ఆక్సిజన్ తక్కువుందో చూసి, వాళ్లకు అది పెట్టారు.

2019లో ఒక్క ఏడాదిలో ప్రపంచమంతటా అయిదేళ్ల లోపు పిల్లలు 7 లక్షల 40 వేల మంది న్యుమోనియాతో చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అందులో ఎక్కువమంది మనలాంటి ఇళ్ల పిల్లలే. ఒకే గదిలో వంట, పడక, పొయ్యి పొగ, మగవాళ్ల బీడీ పొగ, వానాకాలం తేమ. ఊపిరితిత్తుల జబ్బుకు పొగ దారి వేస్తుందని అందరికీ తెలుసు. ఇంట్లో బీడీ మానమని సంఘం సర్క్యులర్ పంపలేదు కాబట్టి నేనే చెబుతున్నాను, గడప బయట కాల్చుకోండి.

ఇప్పుడు డబ్బు సంగతి. 2019 జూలై నుంచి ఇ.ఎస్.ఐ.కి కార్మికుడి పగారులో 0.75 శాతం, యజమాని వాటాగా 3.25 శాతం కట్టాలి. కార్డున్న వాడికి, వాడి బిడ్డలకు వైద్యం ఆ డబ్బుతోనే. మరి ఆ కార్డు మనలో ఎందరికి ఉంది? పదిమంది లోపు చూపించడానికి ఒకే రేకుల కప్పు కింద నాలుగు పేర్లతో నాలుగు కార్ఖానాలు పెట్టే యజమానులు మనకు తెలుసు. హాజరు పట్టీలో పేరు లేనివాడు బిడ్డకు జబ్బు చేస్తే పోయేది ప్రైవేటు దవాఖానాకే, అక్కడ చూసే చేతి కంటే రాసే చేయి ముందు పోతుంది. ఇ.ఎస్.ఐ. కార్డుల కోసం మన కొట్లాట పాతదే. దానికి ఇంకొక మాట చేర్చమని అడుగుతున్నాను: ప్రతి ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీలో, కార్పొరేషన్ దవాఖానాలో పిల్లల ప్రోబుతో ఆక్సిమీటర్ ఉండాలి, ఆక్సిజన్ ఉండాలి, దగ్గుతో వచ్చిన ప్రతి పసిబిడ్డ ఊపిరి లెక్క చీటీ మీద రాయాలి. ఆ లెక్క రాయకుండా రక్తపరీక్ష రాస్తే "లెక్క ఎంత, డాక్టర్‌సాబ్?" అని మనం మర్యాదగా అడగాలి. అడిగే హక్కు మనది. అడిగితే చాలామంది డాక్టర్లు కోపగించుకోరు, లెక్కపెడతారు. నేను అడిగి చూశాను.

ఇంకొకటి, బిడ్డను దవాఖానాకు తీసుకుపోయిన పూట కూలి కోయకూడదు. పీసుకూలి వాడికి సెలవన్నదే లేదు, సాంచె ఆగితే పైస ఆగుతుంది. "ఈ పాళి అయినంక పోదాం" అన్న మాటకు మూలం అదే. తండ్రులకు ప్రేమ తక్కువై కాదు. ఈ పండుగకు బోనస్ మాటలు జరిగేటప్పుడు ఏడాదికి నాలుగు పూటలైనా పిల్లల జబ్బు కోసం అడగాలని నా అభిప్రాయం. కొందరు నాయకులు ఇది చిన్న డిమాండు అన్నారు. వాళ్ల పిల్లలు పెద్దవాళ్లయ్యారు.

టీకాల గురించి రెండు ముక్కలు. న్యుమోకాకస్ టీకా మన దేశంలో 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, 2021లో దేశమంతటికీ వచ్చింది. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు మూడు సూదులు, సర్కారు దవాఖానాలో ఉచితం. ప్రైవేటులో దీనికి వేలు పోస్తారు. పెంటావాలెంట్ సూదిలో హిబ్ అనే ఇంకో సూక్ష్మజీవికి కాపు ఉంది. తొమ్మిది నెలలకు వేసే తట్టు సూది కూడా ముఖ్యం, తట్టు పోసిన బిడ్డను తరచుగా న్యుమోనియా పట్టుకుంటుంది. పండుగకు ఊరికి, కరీంనగరో నల్లగొండో పోయినప్పుడు వారం తప్పితే అక్కడే వేయించవచ్చు, కార్డు వెంట తీసుకుపోవాలి. ఊరు మారితే సూది పోదు.

రాత్రి వేళ బండి లేదని ఆగిపోయే వాళ్లకు: మహారాష్ట్రలో 2014 నుంచి 108 బండి ఉంది, పైస తీసుకోదు. మా పసివాడి రోజున ఆటో దొరికింది కాబట్టి సరిపోయింది, మేమెవరం 108 గుర్తు చేసుకోలేదు. భయంలో గుర్తురాదు. అందుకే నంబరు తలుపు మీద సుద్దతో రాసుకోండి.

వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున పది గంటలకు మన సంఘం ఆఫీసులో మా గల్లీ నర్సమ్మ వచ్చి ఊపిరి లెక్క నేర్పిస్తానన్నది. పైస అడగలేదు, చాయ మాత్రం అడిగింది. సెకండ్ల ముల్లున్న గడియారమో, సెల్‌ఫోనో తెచ్చుకోండి. మగవాళ్లు ఒక్కరే రాకుండా ఇంట్లో ఆడవాళ్లను, అవ్వలను కూడా తీసుకురండి. చంటిపిల్లలను ఎత్తుకురండి, నిద్రపోతున్నా పరవాలేదు, నిద్రలో లెక్క సులువట.